నీ రాత్రి ఎన్ని గంటలు?

ఛార్జరు కావాలని వచ్చినవాళ్లని
నేను మొదట పడవ పొడవు అడగను.
ఎంత పెట్టగలవనీ అడగను.
నీకు రాత్రి ఎన్ని గంటలు, అంటాను.

వెండెల్ జోర్డెయిన్ నవ్వాడు.
"ఇర్యా, నీ కొట్లో సరుకు కన్నా ప్రశ్నలెక్కువ."
ఇరవై రెండేళ్లుగా రెయినీ సరస్సు మీద
చికాగో నుంచి వచ్చినవాళ్లకి
వాలై చేప ఎక్కడ కునుకు తీస్తుందో చూపించే మనిషి.
తన కునుకు లెక్క ఎప్పుడూ వేసుకోలేదట.
వేళ్లు మడిచాడు.
తొమ్మిదింటికి ఒడ్డు, పదిన్నరకి చేపలు కోయడం పూర్తి,
మూడున్నరకి కాఫీ.
"ఐదు. జూన్‌లో అయితే నాలుగున్నర."

మరి నీ పడవలో ఉన్న ఆ పాత డబ్బా
సగం ఖాళీని నింపడానికే పన్నెండు గంటలు అడుగుతుంది.
అరాకొరా తినే పనికి పోతున్నాయి నీ బ్యాటరీలు.
గాలి లేని రోజు ఆ సంగతి ఎవరికీ తెలియదు.

గాలి ఉన్న రోజు గురించి అతనే చెప్పాడు.
పోయిన వారం, రెండు దీవుల సందులో
ముందు మోటారు మూలిగి ఊరుకుంది.
పడవలో ఒక పళ్ల డాక్టరు, ఆయన భార్య.
అలలు అడ్డం తిప్పి రాళ్ల వైపు తోస్తున్నాయి.
పెద్ద ఇంజను తాళం తిప్పితే టక్కుమంది, అంతే.
తెడ్డు ఒక్కటే.
డాక్టరు ఐసు పెట్టె మూత పీకి
దాన్నే రెండో తెడ్డు చేశాడు.
ఒడ్డుకి చేరాక డబ్బులు పూర్తిగా ఇచ్చాడు,
పైన రెండు కొత్త పళ్ల బ్రష్షులు కూడా.
వచ్చే ఏడు వస్తానని మాత్రం అనలేదు.

సరే, మూత ఎత్తు.
మూడున్నాయి. ముందు మోటారుకి రెండు, ఇంజనుకి ఒకటి.
ఆ రెండూ సాయంత్రానికి ఒళ్లు హూనమై వస్తాయి.
మూడోది పొద్దున్నే ఒకసారి తుమ్మి
రోజంతా కాళ్లు బార్లా చాపుకుంటుంది.
మూడింటికీ ఒకే గరిటతో ఒకే కొలత వడ్డిస్తే
ఒకరికి పస్తు, ఒకరికి అజీర్తి.
మూడు దారులున్నది తీసుకో, దారికి పదిహేను ఆంపియర్లు.
మొదట గబగబా పోస్తుంది,
పొంగు రాబోతుంటే సెగ తగ్గిస్తుంది,
ఆ తర్వాత ఊరికే చెయ్యి ఆనించి కూర్చుంటుంది.
మీ అన్న పడవలోది అలా ఆగడం నేర్వలేదు.
చలికాలమంతా ప్లగ్గులోనే వదిలేస్తే
నీళ్లు మరిగి మరిగి పలకలు తేలాయి కదా.

బ్యాటరీల నెత్తిన బిగించకు.
వాటి ఆవిరి దాని ఒంటికి పడదు.
పక్క గోడకి బిగించు,
వీపు వెనక గాలి ఆడాలి, దానికీ ఉక్క పోస్తుంది.
ప్రతి తీగకీ ఒక ఫ్యూజు. అక్కడ పిసినారితనం వద్దు.
డిస్టిల్డ్ నీళ్లు ఛార్జి అయ్యాకే పొయ్యి,
ముందే పోస్తే పొర్లి నీ తివాచీని తింటుంది.
కొసల మీద పచ్చగా పూసిన ఆ బూజుకి
వంటసోడా, గోరువెచ్చని నీళ్లు,
ఇంకా,
ఆ బ్రష్షులు పారెయ్యలేదుగా?

అతను పోతూ గుమ్మంలో ఆగి
"మరి నీకెన్ని గంటలు?" అన్నాడు.
బిల్లు రాస్తున్నట్టు తల దించుకున్నాను.

పదిన్నర దాటింది.
నా కిటికీలోంచి అవతలి రేవు కనిపిస్తుంది.
నీళ్లకి అంగుళం పైన మూడు చుక్కలు,
రెండు ఎరుపు, ఒకటి పచ్చ.
మూడున్నరకి లేచి చూడాలనుకోలేదు.
చూశాను.
పచ్చవి రెండయ్యాయి. మూడోది ఇంకా ఎర్రగానే,
జూన్ కదా.
రేవు మీద అతిథులు టోపీలు సర్దుకుంటున్నారు,
ఎవరో చేతిగడియారం చూపిస్తున్నారు.
వెండెల్ ప్లగ్గు మీద చెయ్యి వేసి
పీకలేదు.
కాఫీ ఇంకో కప్పు పోసుకుని
పడవ అంచున కూర్చున్నాడు.